మొదటి కత్తెర

మీరెవరో నాకు తెలియదు. అది నాకు మంచిదే అయింది. తెలిసినవాళ్లకు చెబుదామని నోరు తెరిచిన ప్రతిసారీ వాళ్ల కళ్లలో నా మీదున్న గౌరవం కనిపించి మాట వెనక్కి పోయింది. దీన్ని లోపల పెట్టుకుని ముప్పై ఏళ్లు దాటింది. తింటున్నాను, తిరుగుతున్నాను, పేరంటాలకు వెళ్లి ముందు వరసలో కూర్చుంటున్నాను. మొదట్లో ఇది బరువుగా కూడా ఉండేది కాదు. రోజూ వేసుకునే గాజుల్లా ఒంటికి అలవాటైపోయింది. మొన్న నాంపల్లిలో ఒక కొత్త దుకాణం ముందు నిలబడి వచ్చినప్పటి నుంచి మాత్రం అన్నం సయించడం లేదు.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. లేకపోతే మళ్లీ చుట్టూ తిప్పి ఎక్కడో వదిలేస్తాను, నా సంగతి నాకు తెలుసు. నాంపల్లిలో రేణుక అని ఒక మనిషి ఉంది. తన కుడిచేయి మంచిది కాదని ఆమె నమ్మకం. ఆ చేత్తో మొదలుపెట్టింది ఏదీ కలిసిరాదనీ, అది ముందుగా తగిలితే ఎవరికో ఒకరికి చెడు జరుగుతుందనీ నమ్ముతుంది. ఆ నమ్మకం ఆమెతో పాటు పుట్టింది కాదు. ఏ జ్యోతిష్కుడూ చెప్పలేదు. నేను పెట్టాను. అబద్ధమని తెలిసే పెట్టాను.

ఇది దొంగతనం కాదు. ఎవరి గొంతూ కోయలేదు. ఒక మాట అన్నానంతే, ఎవరు అనరు గనక, అని నాకు నేను చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. అంత చిన్నదే అయితే ఎందుకు చెప్పలేకపోయాను? కట్టుకున్నవాడికి చెప్పలేదు, కన్నపిల్లలకు చెప్పలేదు. దేవుడి ముందు కూడా ఆ సంగతి వచ్చేసరికి కళ్లు గట్టిగా మూసుకుని వేరే శ్లోకం అందుకునేదాన్ని.

నా గురించి కొంత చెప్పాలి. సాకు కోసం కాదు. ఏమో, సాకు కోసమేనేమో. మా తాతగారిది కృష్ణా జిల్లా. రాజధాని హైదరాబాదుకు మారినప్పుడు ఆఫీసుతో పాటు ఆయనా వచ్చి కాచిగూడలో స్థిరపడ్డారు. ఇంట్లో అందరూ చదువుకున్నవాళ్లు. నేను ఇంటర్ రెండుసార్లు తప్పాను. "దీనికి ఏదీ అబ్బదండీ" అని మా నాన్న ఇంటికి ఎవరొచ్చినా నా ముందే అనేవారు. కోపంగా కూడా కాదు. ఇవాళ ఎండెక్కువగా ఉంది అన్నంత మామూలుగా అనేవారు. విని విని నాకూ అదే మాట నోటికొచ్చేసింది. పాలు పొంగిపోయినా, చిల్లర లెక్క తప్పినా, నాకేదీ అబ్బదు కదా అనుకునేదాన్ని. ఆ మాట అనుకున్నాక ఇక ప్రయత్నించాల్సిన పని ఉండదు. అందులో ఒక సుఖం కూడా ఉంది.

ఇంట్లో ఖాళీగా కూర్చోలేక ఆబిడ్స్‌లో ఒక మ్యాచింగ్ సెంటర్‌లో పనికి చేరాను. జీపీఓ దగ్గర సందులో ఉండేది. జాకెట్టు గుడ్డలు, లైనింగులు, చీరల ఫాల్సు అమ్మే దుకాణం. చీర చేత్తో పట్టుకుని వచ్చి, దీనికి సరిపోయే రంగు ఇవ్వమంటారు. ఆకుపచ్చ ఒక్కటే ఒక అరంతా ఉండేది. యజమానిని అందరం సేటు అనేవాళ్లం. మంచివాడు. ఒక్క బోణీ విషయంలో మాత్రం ఆయన పట్టింపు ఇంతా అంతా కాదు. పొద్దున్నే దేవుడి పటానికి అగరొత్తులు తిప్పి, ఆ పొగ కత్తెరకూ మీటరు బద్దకూ కూడా చూపించేవాడు. మొదట వచ్చినవాళ్లు ఉత్త చేతులతో పోకూడదు. వాళ్లకు గుడ్డ కత్తిరించే మనిషి చేయి మంచిదై ఉండాలి. దాన్ని మా దుకాణంలో మొదటి కత్తెర అనేవాళ్లం. ఆ కత్తెర పడి, ఆ నోటు సేటు కళ్లకద్దుకుని గల్లాపెట్టెలో వేసేదాకా ఎవరం టీ కూడా తాగేవాళ్లం కాదు.

నేను చేరిన కొత్తలో ఒక రోజు మిగతావాళ్లు ఆలస్యమై మొదటి కత్తెర నా చేతికొచ్చింది. ఆ రోజు పెళ్లిళ్ల బేరాలు తగిలి సాయంత్రం దాకా ఊపిరాడలేదు. మర్నాడు కావాలనే నా చేత కత్తిరించి చూశాడు సేటు. ఆ రోజూ బాగానే జరిగింది.

"నీ చెయ్యి మంచిగున్నదమ్మా. రేపటి సంది మొదటి కత్తెర నీదే" అన్నాడు.

ఆ సాయంత్రం కాచిగూడ దాకా నడిచే వెళ్లాను. బస్సెక్కితే ఆ సంతోషం తొందరగా అయిపోతుందేమో అనిపించింది. ఏదీ అబ్బని నాకు చేయి అబ్బింది. నవ్వుతారేమో గానీ నేను మనిషినే మారిపోయాను. తలెత్తి మాట్లాడడం మొదలుపెట్టాను. మా నాన్న ఎప్పటి మాటే అంటే, మా దుకాణంలో అడగండి అని ఎదురు చెప్పాను. చిల్లర లెక్కలు తప్పడం కూడా తగ్గింది. చేతిలో ఏముంది? ఏమీ లేదు. మంచిదని ఒకరన్నారు, నేను నమ్మాను, నమ్మిన మనిషిలా నడిచాను. అంతవరకూ ఎవరికీ ఏ నష్టం లేదు. నా కథ అక్కడితో ఆగిపోతే ఎంత బాగుండేది.

ఏడాది తిరక్కుండా రేణుక వచ్చింది. నాంపల్లి స్టేషన్ వెనక బస్తీ పిల్ల. తండ్రి స్టేషన్ ముందు పండ్లబండి పెట్టేవాడు. ఆ పిల్ల నవ్వితే సందు చివరిదాకా వినిపించేది. చీర చూపించగానే అర దగ్గరికి వెళ్లి గుడ్డ లాగేది, ఆలోచించేది కాదు. అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి, రెండు చేతులతో పట్టి చర్రున చింపేది. ఆ చప్పుడుకి కొనేవాళ్లు కూడా తలెత్తి నవ్వేవాళ్లు. వచ్చిన రోజు నుంచే నన్ను అక్కా అంది. మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని తన డబ్బాలో ఉన్నది సగం నా మూతలో వేసేది. ఎప్పటికైనా నాంపల్లిలో తనదంటూ ఒక దుకాణం పెడతానని చెబుతుండేది.

"నిన్ను పిలుస్త అక్కా. కానీ మొదటి కత్తెర మాత్రం నీకియ్య. నా దుకాణంల నేనే కొట్టుకుంట" అని నవ్వేది.

నాకు జ్వరం వచ్చి కొన్నాళ్లు మానేశాను. తిరిగి వెళ్లేసరికి మొదటి కత్తెర రేణుక చేతిలో ఉంది. బేరాలు ముందెన్నడూ లేనంత బాగున్నాయట. నువ్వు జర ఆరాం చెయ్యమ్మా, ఈ పిల్ల చేస్తది అన్నాడు సేటు, నా మంచికే చెబుతున్నట్టు. నేను సరేనన్నాను. పొద్దున్నే అందరం నిలబడి చూస్తుంటే ఆ చర్రుమనే చప్పుడు వినిపించేది. నా మనసు చివుక్కుమనేది. పని పోలేదు, జీతం తగ్గలేదు, రేణుక నన్ను చిన్న చూపు చూసిందీ లేదు. మరి ఏం పోయింది? ఆ చేయి తప్ప నా దగ్గర చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు. అది పోయాక నేను మళ్లీ మా నాన్న చెప్పిన పిల్లనే. ఆ పిల్లగా మళ్లీ ఇంటికి నడవడం నా వల్ల కాలేదు.

వానాకాలం వచ్చింది. దుకాణం పైన అటక ఉండేది, ఖరీదైన పట్టు థాన్లన్నీ అక్కడే. గాలి ఆడడానికి ఒక చిన్న కిటికీ. సాయంత్రం దుకాణం కట్టేముందు పైకెక్కి దాన్ని మూయడం నా పని. పాతదాన్ని కదా, ఆ పని నాకే అప్పగించాడు సేటు. ఆ రోజు రేణుకను అందరి ముందు మెచ్చుకున్నాడు. ఈ పిల్ల వచ్చినంక లక్ష్మి వచ్చింది అన్నాడు. నేను మూతి బిగించుకుని చెప్పులేసుకున్నాను. బయట మబ్బు పట్టి ఉంది, చూశాను. కిటికీ గుర్తొచ్చింది కూడా. లక్ష్మి వచ్చిందిగా, ఆవిడే మూసుకుంటుంది అనుకున్నాను. ఆ మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది, ఎందుకంటే నాకు నేను చెప్పుకున్నదే.

తెల్లవార్లూ వాన. పొద్దున వెళ్లేసరికి సేటు అటక మీద తడిసిన థాన్ల మధ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఎరుపు తెలుపులోకి దిగింది, నీలం పసుపులోకి దిగింది. కిటికీ ఎవరు మూసిన్రని అడిగాడు. నేనే మూశాను, గడియ వదులుగా ఉంది, గాలికి తెరుచుకుందేమో అన్నాను. ఇది మొదటి అబద్ధం. పని చేసుకునేవాళ్లం ఎవరమైనా భయానికి ఆడే అబద్ధమే. దీనికైతే నేనిలా మీ ముందు కూర్చునేదాన్ని కాదు.

సేటు తల పట్టుకుని, ఇన్నేండ్లల ఎన్నడు గిట్ల కాలేదు అన్నాడు, ఎవరితోనూ కాదు, తనలో తను. నేను దగ్గరకు వెళ్లి చిన్నగా అన్నాను. ఈ మధ్యే కదా సేటూ, మొదటి కత్తెర మారింది అని. ఆయన తలెత్తి చూశాడు. అప్పుడు ఆపేయొచ్చు. ఆపలేదు. సేటు భార్య జారిపడి చేయి విరగ్గొట్టుకుందీ, రంగులు తప్పి వచ్చిన పార్శిలూ, వైరు కాలి దుకాణమంతా చీకటైన రోజూ, ఒక్కొక్కటే గుర్తు చేశాను. అలాంటివి ఏ నెలలోనైనా వెతికితే దొరుకుతాయి. వరసగా పేర్చి చెబితే ఎంత నిజంగా కనిపించాయంటే, చెబుతున్న నాకే ఒళ్లు జలదరించింది.

సేటు ఆ పిల్లను తిట్టలేదు. తిట్టినా బాగుండేది, ఆ పిల్ల కొట్టిపారేసేది. ఎంతో దయగా చెప్పాడు. "నీ మీద నాకేం కోపం లేదు బిడ్డా. బోణీ అయ్యేదాంక జర బయట ఉండు. గంతే." మర్నాటి నుంచి రేణుక పొద్దున్నే వచ్చి ఎదురుగా టీ కొట్టు పక్కన డబ్బా పట్టుకుని నిలబడేది. మొదటి కత్తెర మళ్లీ నాది. బోణీ అయ్యాక ఎవరో ఒకరం గుమ్మంలోంచి చేయి ఊపితే లోపలికి వచ్చేది. చాలాసార్లు ఆ చేయి ఊపింది నేనే.

అయినా అప్పటికి అది సేటు పట్టింపు మాత్రమే. రేణుక దాన్ని మొదట నవ్వుతూనే తీసుకుంది. సేటుకు దిమాక్ ఖరాబైంది అంది. అసలు తప్పు ఆ తర్వాత జరిగింది. ఒక మధ్యాహ్నం ఎప్పటిలాగే మెట్ల మీద కూర్చున్నాం. రేణుక డబ్బా తెరవలేదు. చాలాసేపు తన అరచేతి వంకే చూసుకుని అడిగింది.

"అక్కా, ఒకటి అడుగుత. సేటు మాట నాకు పట్టింపు లేదు. నువ్వైతే నాతోని అబద్ధమాడవు. నిజంగనే నా చెయ్యి మంచిది కాదా?"

మంచిదేనని ఒక్క మాట అంటే సరిపోయేది. పిచ్చిదానా, అదేం లేదు అని నెత్తిన ఒకటి మొట్టితే సరిపోయేది. కిటికీ సంగతి చెప్పాల్సిన అవసరం కూడా లేదు. నేను ఆ చేతిని నా చేతిలోకి తీసుకున్నాను. ప్రేమగానే తీసుకున్నాను, అదే నాకు ఇప్పటికీ అర్థం కాదు.

"కొందరి చేతులు అంతే రేణుకా. నీ తప్పేముంది అందులో" అన్నాను.

"ఔనా" అంది. డబ్బా మూత తీసి సగం నాకు పెట్టింది, ఎడమ చేత్తో.

ఆ తర్వాత జరిగింది నా కళ్లముందే జరిగింది. కుడిచేతిని కొంగు కిందికి దాచుకోవడం ఎప్పుడు మొదలైందో గుర్తులేదు. రంగు ఇదీ అని తెలిసినా తీసేది కాదు, నువ్వు తియ్యక్కా అనేది. కత్తెర పట్టుకుంటే చేయి వణికేది. వణికితే గుడ్డ వంకరపోయేది. వంకరపోతే, చూసినవా అని పక్కవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లు. అది చూసి ఆ పిల్లకు ఇంకా రుజువైపోయేది. నవ్వు సందు చివరికి కాదు గదా, గల్లాపెట్టె దాకా కూడా వినిపించడం మానేసింది. రేణుక నెమ్మదస్తురాలు, ముందుకు తోసుకురాదు, అణకువ గల పిల్ల అని కొత్తగా చేరినవాళ్లు మెచ్చుకునేవాళ్లు. అదే ఆమె స్వభావమనుకున్నారు. కొన్నాళ్లకు ఆమె కూడా అలాగే అనుకుంది. నాకొక్కదానికే తెలుసు అంతకు ముందు అక్కడ ఇంకో మనిషి ఉండేదని.

ఇద్దరికీ పెళ్లిళ్లయ్యాయి. రేణుక భర్త మంచివాడు, రైల్వే పార్శిళ్ల దగ్గర పని. మొదటి పిల్లవాడు పుట్టి, నెలల్లోనే జ్వరం వచ్చి దవాఖానలో పోయాడు. చూడడానికి వెళ్లాను. నా భుజం మీద తల పెట్టింది గానీ ఏడవలేదు. తర్వాత ఆడపిల్ల పుట్టింది, శ్రావణి. తొట్టెల పండగ రోజు ఇంటి నిండా చుట్టాలున్నారు. అత్తగారు చేతులు చాపితే కూడా ఇవ్వకుండా, పిల్లను నా చేతుల్లో పెట్టి, తొట్టెల్ల నువ్వే ఏయక్కా అంది. అన్నం ముట్టించేటప్పుడూ నన్నే పిలిచింది. బళ్లో వేసేటప్పుడూ పలక నా చేతే పట్టించింది. ఎందుకని నేను అడగలేదు. చెప్పనా, నాకు గర్వంగా ఉండేది.

గర్వమెందుకుండదు? అప్పటికి నేను కాచిగూడలో సొంత మ్యాచింగ్ సెంటర్ పెట్టుకున్నాను. బాగా నడిచింది. నా చేయి మంచిదని పేరొచ్చింది. గృహప్రవేశాలకు, కొత్త కొట్లకు, పెళ్లిబట్టల కొనుగోళ్లకు పిలిచి ముందు నా చేయి వేయించుకునేవాళ్లు. చేతుల్లో ఏమీ ఉండదని ఈ ఊళ్లో నాకంటే బాగా ఎవరికి తెలుసు? ఆ మాట పుట్టించిందాన్ని నేను. రేణుకది చెడ్డ చేయి అన్నది ఒట్టి మాటైతే, నాది మంచి చేయి అన్నదీ ఒట్టి మాటే. ఇంత తేలికైన సంగతిని ఎప్పుడూ చివరిదాకా ఆలోచించలేదు. ఆమెది అబద్ధమని తెలుసు. నాది నిజమని నమ్మాను. రెండూ ఒకే కడుపులో ఎలా ఇమిడాయో నాకే తెలియదు.

మధ్యలో చెప్పడానికి ఒక మంచి సమయం వచ్చింది. నాంపల్లిలో స్టేషన్ రోడ్డు మీద రేణుక భర్తకు తెలిసినాయన దుకాణం పెట్టుకోవడానికి చిన్న మడిగె ఒకటి కిరాయికిస్తానన్నాడు. ఆమె కోరుకున్నట్టే, ఇంటికి దగ్గరగా, రోడ్డు మీదికి. రేణుక వద్దంది. నా దగ్గరకొచ్చి, నా చెయ్యి సంగతి నీకెరికే కదక్కా, పిల్ల గలదాన్ని, ఎందుకొచ్చిన ఫికర్ అంది. నీ ఇష్టం అన్నాను. తర్వాత ఆ మడిగెలో ఎవరో ఫోన్ల కొట్టు పెట్టారు. సేటు పోయాక ఆబిడ్స్ దుకాణం మూతపడింది. రేణుక ఇంట్లోనే కూర్చుని చీరలకు ఫాల్స్ కుట్టడం మొదలుపెట్టింది. పని నేనే పంపేదాన్ని. పండక్కి చీర పెట్టేదాన్ని. ఎంత మంచిదానివక్కా అనేది. ఆ మాట అనిపించుకోవడానికే ఇచ్చానా, ఆ మాట ఆపడానికి ఇచ్చానా? ఇప్పుడు తవ్వి చూసినా తేలడం లేదు.

ఇక మొన్నటి సంగతి. శ్రావణి కుట్టుపని బాగా నేర్చుకుంది, కంప్యూటరు మీద డిజైన్లు కూడా వేస్తుంది. నాంపల్లిలో, తల్లి వద్దన్న మడిగెకు నాలుగు అడుగుల దూరంలో, జాకెట్టు గుడ్డలు అమ్మి, కుట్టి ఇచ్చే దుకాణం పెట్టుకుంది. మొదటి కత్తెర నువ్వే కొట్టాలె పెద్దమ్మా, అమ్మ నాతోని ఒట్టేయించుకున్నది అని ఫోన్ చేసింది. పొద్దున్నే వెళ్లాను. షట్టరుకు బంతిపూల దండలు, బల్ల మీద కొత్త కత్తెర, డబ్బులకు ఫోన్‌తో స్కాన్ చేసే బొమ్మ. ఆ రోజుల్లోలా నోటు కళ్లకద్దుకోవడానికి నోటే లేదు. కొనడానికి వచ్చిన మొదటామె కుర్చీలో కూర్చుని ఉంది. అందరూ ఉన్నారు, రేణుక లేదు.

అమ్మ ఏదని అడిగితే శ్రావణి తల తిప్పి రోడ్డు వైపు చూపించింది. అటువైపు ఫుట్‌పాత్ మీద, మందుల దుకాణం పక్కన, కొత్త చీర కట్టుకుని నిలబడి ఉంది. కుడిచేయి కొంగు కింద. బోణీ అయ్యాక వస్తుందట. కన్నకూతురి దుకాణం. అచ్చం ఆబిడ్స్‌లో టీ కొట్టు పక్కన నిలబడ్డట్టే నిలబడింది, ఎవరైనా గుమ్మంలోంచి చేయి ఊపుతారని చూస్తూ. ఆ ఊపే చేయి మళ్లీ నాదే కావాలి.

రోడ్డు దాటి వెళ్లాను. ఆలోచించుకుని వెళ్లలేదు, ఆలోచిస్తే మళ్లీ ఆగిపోయేదాన్ని. "రేణుకా, నీ చేతిలో ఏ దోషమూ లేదు. ఆ రోజు అటక కిటికీ మూయాల్సింది నేను. మూయలేదు. నీ మీద కుళ్లుకుని వెళ్లిపోయాను. నా తప్పు బయటపడుతుందని నీ చేతి మీదికి తోశాను. అదంతా నేను కల్పించిన మాట" అన్నాను. మొత్తం చెప్పాను. ఒక్క మాట దాచలేదు.

రేణుక నన్ను చూసి నవ్వింది. "నన్ను లోపలికి తీస్కపోనీకి గిన్ని కథలా అక్కా. నీ మనసు ఎంత మెత్తనిదో నాకు ఎరుకలేదా" అంది.

నిజం చెబుతున్నాను, నమ్ము అన్నాను. ఆమె చేయి పట్టుకోబోయాను. వెనక్కి లాక్కుంది. నవ్వు పోయింది. నా కళ్లలోకి చూసింది, నేను చెప్పింది నిజమేనేమో అని ఒక్క క్షణం ఆమె ముఖంలో కనిపించింది. వెంటనే దాని మీదికి భయం వచ్చింది. గొంతు బాగా తగ్గించి అంది.

"నా చెయ్యి మంచిదే అయితే, మరి నా కొడుకు? అత్తమ్మ వాళ్లొచ్చేదాంక ఆగకుంట తొట్టెల్ల నేనే ఏసిన వాన్ని. గీ చేత్తోనే. నా చెయ్యి వల్ల కాకపోతే వాడెందుకు పోయిండు?"

ఈ సంగతి నాకు తెలియదు. ఇన్నేళ్లలో ఒక్కసారీ నాతో అనలేదు. జ్వరం వచ్చింది రేణుకా, జ్వరంతో పోయాడు అన్నాను. "జ్వరం అందరి పిల్లలకొస్తది" అంది.

బిడ్డ పోయిన దుఃఖం ఏ తల్లికైనా ఉంటుంది. ఈమె దాని పైన ఇంకొకటి మోసింది, తనే చంపుకున్నానని. అది నేనిచ్చింది. నేను సేటు చెవిలో మాట వేసిన రోజున ఆ పిల్లవాడు పుట్టను కూడా లేదు. ఇప్పుడు ఆ నమ్మకాన్ని లాగేస్తే ఆమెకు ఏం మిగులుతుంది? కారణం లేకుండా పోయిన కొడుకు, కారణం లేకుండా వద్దన్న దుకాణం, కారణం లేకుండా కొంగు కింద గడిచిన బతుకు, ఇవి మిగులుతాయి. వాటిని ఏం చేసుకోవాలి ఆమె? ఇలా అనుకునే నేను ఊరుకున్నాను. జాలితోనే ఊరుకున్నానా? చెప్పాల్సింది చెప్పేశాను, ఆమె నమ్మలేదు, ఇక నా పూచీ లేదు అని లోపల ఎక్కడో హాయిగా అనిపించలేదా? అనిపించింది. అదీ చెబుతున్నాను.

"గీ మాట మళ్ల అనకక్కా. పో, పిల్ల ఎదురు చూస్తున్నది" అంది రేణుక.

వెళ్లాను. శ్రావణి కత్తెర నా చేతికిచ్చింది. కాదని ఆ పిల్ల చేతికే తిరిగి ఇవ్వొచ్చు. రోడ్డవతల రేణుక కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటోంది, ఆ దండం కూడా ఎడమ చేత్తోనే, నుదుటికి ఆనించి. నేను గాటు పెట్టి చింపాను. చర్రుమన్న చప్పుడుకి అందరూ చప్పట్లు కొట్టారు. ఫోన్ డబ్బులు పడ్డాయని పలికింది. గుమ్మంలోకి వచ్చి చేయి ఊపాను.

రేణుక రోడ్డు దాటి వచ్చింది. లోపల అడుగుపెట్టగానే కూతురి దగ్గరికి వెళ్లలేదు. తిన్నగా నా దగ్గరికొచ్చి, నా కుడిచేతిని తన ఎడమ చేత్తో పట్టుకుని కళ్లకద్దుకుంది. ఆ కళ్లు తడిగా ఉన్నాయి. ఆ తడి ఇంటికొచ్చేదాకా ఆరలేదనిపించింది నాకు.

శ్రావణికి చెప్పాలా? చెబితే తల్లికి చెబుతుంది, తల్లి మళ్లీ నవ్వుతుంది, లేదా నవ్వదు. ఏది జరిగినా తట్టుకునే ధైర్యం ప్రస్తుతానికి నాకు లేదు. మిమ్మల్ని క్షమించమని అడగడం లేదు. అది మీరు ఇవ్వగలిగింది కాదు, నాకు అడిగే ముఖమూ లేదు. ఆ రోజు రోడ్డు మీద నేను చెప్పిన నిజాన్ని నా మంచితనం కింద జమకట్టేసిందామె. అందుకని ఇంకొక మనిషికి చెప్పాలి, నేను మంచిదాన్నని ముందుగా తెలియని మనిషికి. ఇప్పుడు చెప్పాను. గుండెల మీంచి ఏదీ దిగలేదు గానీ, ఊపిరి కాస్త లోపలిదాకా అందుతోంది.

రేణుక చేయి మంచిదండీ. మొదటి నుంచీ మంచిదే. మబ్బు పట్టిందని చూసి కూడా అటక ఎక్కకుండా, చెప్పులేసుకుని వెళ్లిపోయింది నేను.